మొదటి ఇంజెక్షనుకు ముందు రెండో పరీక్ష: టెస్టోస్టిరాన్ తగ్గిందో లేదో సరిగ్గా తేల్చుకునే పద్ధతి

పర్లాకిమిడిలో ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో పదిహేడేళ్లుగా నమూనాలు తీసే పనిలో ఉన్నాను. గుణుపురం, కాశీనగరం, రాయగడల నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం, మెళియాపుట్టిల నుంచి వచ్చే మగవారు ఈ నాలుగైదేళ్లుగా గొంతు తగ్గించి అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) పరీక్ష ఎలా చేయించుకోవాలి, తక్కువ వస్తే ఆ హార్మోను ఇంజెక్షను వేయించుకోవాలా?

నేను డాక్టరును కాను. రోగం నిర్ధారించడం, మందు రాయడం డాక్టరు చేయవలసిన పనులు. అయితే డాక్టరు చేతికి వెళ్లే అంకె నమ్మదగినదిగా ఉండాలంటే ఏ రోజున, ఏ వేళకు, ఏ స్థితిలో రక్తం ఇవ్వాలో, ఆ అంకె ఎక్కడెక్కడ తప్పుదారి పట్టిస్తుందో రోజూ చూస్తున్నవాడిని కనుక వరుసగా రాస్తున్నాను. ఒక్క పరీక్షను పట్టుకుని ఇంజెక్షనుకు వెళ్లవద్దు అన్నదే ఇందులో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. మిగిలిన దశలన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

1. ఈ పరీక్ష మీకు అవసరమా?

కింది వాటిలో ఏవైనా కొన్ని నెలలుగా ఉంటే పరీక్ష చేయించుకోవడం సబబు.

☐ లైంగిక కోరిక మునుపటికంటే బాగా తగ్గింది.
☐ తెల్లవారుజామున దానంతట అదే కలిగే అంగస్తంభన కనబడడం లేదు, లేదా చాలా అరుదైంది.
☐ కలయిక సమయంలో స్తంభన నిలవడం లేదు.
☐ గడ్డం, చంకల్లో వెంట్రుకలు పలచబడ్డాయి. రెండు రోజులకోసారి గీసుకునే గడ్డం వారానికోసారి సరిపోతోంది.
☐ రొమ్ములు ఉబ్బాయి, ముట్టుకుంటే నొప్పిగా ఉన్నాయి.
☐ వృషణాలు చిన్నవయ్యాయి, లేదా పిల్లలు కలగడం లేదు.
☐ చిన్న దెబ్బకే ఎముక విరిగింది.

నీరసం, మతిమరుపు, చిరాకు, పొట్ట పెరగడం, నిద్ర పట్టకపోవడం వంటివి మాత్రమే ఉంటే ఈ పరీక్షతో మొదలుపెట్టవద్దు. వాటికి రక్తహీనత, మధుమేహం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు, గురకతో కూడిన నిద్ర శ్వాస సమస్య చాలా ఎక్కువగా కారణమవుతుంటాయి. ముందు హిమోగ్లోబిన్, షుగరు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చూసుకోవాలి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రులలో ‘నిదాన్’ పథకం కింద షుగరు, రక్తకణాల పరీక్షల వంటివి ఉచితంగానే చేస్తారు. మనసు కుంగినట్టు ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు.

ఐరోపాలోని 8 దేశాలలో 40 నుంచి 79 ఏళ్ల మగవారిపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, కోరిక తగ్గడం, ఉదయపు స్తంభన తగ్గడం, అంగస్తంభన లోపం అనే మూడు లక్షణాలూ ఉండి, రక్తంలో హార్మోను కూడా తక్కువగా తేలినవారు దాదాపు 2 శాతం మాత్రమే. అందువల్ల నలభై దాటిన ప్రతి అలసటనూ ఈ ఖాతాలో వేయడం సరికాదు.

బస్టాండు గోడల మీద ‘గుప్త రోగ్’ అని, ‘నరాల బలహీనత, ధాతు నష్టం’ అని అంటించిన కాగితాలు చూసి భయపడి వచ్చే కుర్రవాళ్లు ఎందరో. స్వప్నస్ఖలనం వల్ల గానీ, హస్తప్రయోగం వల్ల గానీ టెస్టోస్టిరాన్ తరిగిపోదు. ఆ భయం ఒక్కటే ఉన్నవారికి ఈ పరీక్షే అక్కరలేదు.

2. పరీక్షకు ముందు రెండు మూడు వారాలు

ఈ దశను దాదాపు ఎవరూ పట్టించుకోరు. తప్పుడు అంకెలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

జ్వరం వచ్చి తగ్గిన వెంటనే పరీక్షకు రావద్దు. శరీరం జబ్బుతో పోరాడుతున్నప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే ఆదేశాలు తగ్గుతాయి. దానితో టెస్టోస్టిరాన్ తాత్కాలికంగా పడిపోతుంది. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు మలేరియా కొత్త కాదు. మలేరియా, టైఫాయిడ్, డెంగీ, శస్త్రచికిత్స, పెద్ద ప్రమాదం వంటివి జరిగి ఉంటే పూర్తిగా కోలుకుని, ఆకలి, నిద్ర యథాస్థితికి వచ్చిన తరువాత కొన్ని వారాలు ఆగి రావాలి.

నిద్ర ఇంకా ముఖ్యం. ఆరోగ్యవంతులైన యువకులను వారం రోజులపాటు రాత్రికి 5 గంటలు మాత్రమే నిద్రపోనిచ్చి చూసిన ఒక ప్రయోగంలో, 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. పెళ్లిళ్ల సీజనులో, జాతర రాత్రుల తరువాత, సూరత్ నుంచి రెండు రాత్రులు రైలులో కూర్చుని ఇంటికి చేరిన మర్నాడు ఇచ్చిన రక్తం మీ అసలు స్థితిని చెప్పదు. మిల్లుల్లో నైట్ డ్యూటీ చేసేవారు పగటి డ్యూటీకి మారి కొన్ని రోజులు గడిచాక రావడం ఉత్తమం. అది కుదరకపోతే మీరు నిద్ర లేచిన రెండు మూడు గంటలలోపు రక్తం ఇచ్చి, డ్యూటీ వేళలను చీటీ మీద రాయించాలి.

మందుల విషయంలో ఒక కాగితం మీద మీరు వేసుకుంటున్న ప్రతి మాత్ర పేరూ రాసుకోండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు, ట్రమడాల్ వంటి బలమైన నొప్పి మాత్రలు, కీటోకొనజోల్ మాత్రలు, కొన్ని మానసిక వైద్య ఔషధాలు టెస్టోస్టిరాన్‌ను తగ్గించగలవు. వీటిని మీ అంతట మీరు ఆపవద్దు. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి సంతలో పొట్లం కట్టి ఇచ్చే పేరులేని పొడులలో కూడా స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశముంది కాబట్టి ఆ పొట్లాన్ని కూడా డాక్టరుకు చూపించాలి.

జుట్టు, గోళ్ల కోసం వేసుకునే బయోటిన్ మాత్ర వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది. అది మీ హార్మోనును మార్చదు, ల్యాబు యంత్రాన్ని తికమకపెడుతుంది. కొన్ని యంత్రాలలో టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్ (వృషణాలను నడిపే పిట్యూటరీ హార్మోను), టీఎస్‌హెచ్ తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు దానిని ఆపాలి.

☐ జ్వరం తగ్గి, పూర్తిగా కోలుకుని కొన్ని వారాలైంది.
☐ వారం రోజులుగా రాత్రికి ఏడు గంటలకు తక్కువ కాకుండా నిద్రపోయాను.
☐ మూడు నాలుగు రోజులుగా సారా, ఇప్పసారా, జీలుగు కల్లు ముట్టలేదు.
☐ బయోటిన్ ఆపాను. డాక్టరు రాసిన మందులేవీ ఆపలేదు.
☐ జిమ్‌లో ఇచ్చిన పొడులు, మాత్రలు, ఇంజెక్షన్ల పేర్లు దాచకుండా రాశాను.

3. రక్తం ఇచ్చే ఉదయం

వేళ: ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య. కడుపు: రాత్రి భోజనం తరువాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, టీ కూడా వద్దు.

దీనికి కారణం ఉంది. ముప్పై, నలభై ఏళ్ల మగవారిలో ఉదయం ఎనిమిదికి ఉన్న టెస్టోస్టిరాన్ సాయంత్రం నాలుగు గంటలకు 20 నుంచి 25 శాతం వరకు తగ్గుతుంది. డెబ్భై ఏళ్లవారిలో ఆ తేడా 10 శాతం దాకా ఉంటుంది. తిండి కూడా తగ్గిస్తుంది: గ్లూకోజు తాగించి చూసిన పరీక్షలో దాదాపు నాలుగోవంతు పడిపోయింది. ఈ రెండూ కలిస్తే ఆరోగ్యవంతుడి రక్తం కూడా రోగి రక్తంలా కనిపిస్తుంది.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం గుణుపురం వైపు పల్లె నుంచి ముప్పైనాలుగేళ్ల మనిషి ఒకడు పదకొండు నలభైకి మా కేంద్రానికి వచ్చాడు. బస్టాండులో నాలుగు పూరీలు తిని, టీ తాగి, ఎండలో నడిచి వచ్చి చెయ్యి చాపాడు. తిరిగి పంపితే అతనికి ఒక రోజు కూలి పోతుందని నేను ఏమీ అడగకుండా రక్తం తీశాను. 228 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇంజెక్షను కొనడానికి వెళుతుంటే నా మనసు ఒప్పక ఆపి, వారం తరువాత ఉదయం ఏడున్నరకు పరగడుపున మళ్లీ రమ్మన్నాను, డబ్బు తీసుకోలేదు. ఆ రోజు 396 వచ్చింది, మామూలే. మొదటి రోజే వద్దని చెప్పవలసింది నేను, చెప్పలేదు. అప్పటి నుంచి వేళ, తిండి అడగకుండా ఈ పరీక్షకు సూది గుచ్చడం లేదు.

దూరం నుంచి వచ్చేవారికి తొలి బస్సు ఎక్కినా బరంపురం, శ్రీకాకుళం చేరేసరికి పది దాటిపోతుంది. ముందురోజు వెళ్లి చుట్టాల ఇంట్లో ఉండగలిగితే సరే. లేదా మీ ఊరికి దగ్గరలోని నమూనా సేకరణ కేంద్రంలోనే ఉదయాన్నే రక్తం ఇవ్వండి. నమూనా మీతో పాటే పెద్ద ల్యాబుకు చేరాలని చాలామంది అనుకుంటారు. అది అవసరం లేదు. రక్తాన్ని గిర్రున తిప్పి సీరం వేరుచేసి చల్లగా ఉంచితే అందులోని టెస్టోస్టిరాన్ ఒకటి రెండు రోజుల్లో చెడిపోదు. సీరం ఎప్పుడు వేరుచేస్తారు, మంచుపెట్టెలో పంపుతారా అని మాత్రం అడగండి.

☐ గొట్టం మీద నా పేరు, వయసు, రక్తం తీసిన వేళ నా కళ్లముందే రాశారు.
☐ చీటీలో ‘పరగడుపు’ అని రాశారు.
☐ రసీదు మీద అసలు పరీక్ష చేసే ల్యాబు పేరు ఉంది (రెండోసారి కూడా అదే ల్యాబుకు వెళ్లాలి).

4. చీటీ మీద ఏమి రాయించుకోవాలి

మొదటిసారి ‘టోటల్ టెస్టోస్టిరాన్’ ఒక్కటి చాలు. పది పన్నెండు పరీక్షలు కలిపి ‘పురుషుల ప్యాకేజీ’ అని అమ్మేవాటికి డబ్బు పెట్టనక్కరలేదు.

రక్తంలోని టెస్టోస్టిరాన్‌లో ఎక్కువ భాగం ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ అనే ప్రోటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఏ ప్రోటీనుకూ అంటకుండా స్వేచ్ఛగా ఉండేది సుమారు 2 శాతం. ఊబకాయం, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది కాబట్టి, స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ బాగానే ఉన్నా మొత్తం అంకె తక్కువగా కనబడుతుంది. వయసు పైబడినప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు దీనికి తలకిందులుగా జరిగి, లోపం ఉన్నా మొత్తం అంకె బాగున్నట్టు వస్తుంది.

అలాంటివారికి డాక్టరు ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా రాసి, వాటినుంచి స్వేచ్ఛా టెస్టోస్టిరాన్‌ను లెక్కగడతారు. ‘ఫ్రీ టెస్టోస్టిరాన్’ను నేరుగా కొలుస్తామనే చౌకరకం కిట్ల ఫలితాన్ని నమ్మవద్దు; అంతర్జాతీయ వైద్య సూత్రాలు కూడా వాటిని వాడవద్దనే చెబుతున్నాయి.

5. నివేదిక చదివేటప్పుడు ముందు కొలమానం, తరువాత అంకె

సరిహద్దులో ఉండే మనకు ఇది ప్రత్యేకమైన చిక్కు. ఒక నివేదిక బరంపురంలో, ఇంకొకటి శ్రీకాకుళంలో, మూడోది విశాఖపట్నంలో తీసుకుంటాం. మూడు ల్యాబులు మూడు కొలమానాలు వాడవచ్చు.

ఒకసారి ఒక కుర్రవాడు చెమటలు కక్కుతూ వచ్చి, “అన్నయ్యా, మూడు వందలుండాలట కదా, నాకు మూడే ఉంది, ఇంక నా బతుకేటి?” అని కాగితం నా చేతిలో పెట్టాడు. అంకె 3.80. దాని పక్కన చిన్న అక్షరాలతో మిల్లీలీటరుకు నానోగ్రాములు అని ఉంది. అతను విన్న ‘మూడు వందలు’ డెసీలీటరు లెక్క. అతని అసలు విలువ 380, పూర్తిగా మామూలే. నాలుగు రోజులుగా తిండి మానేశాడట.

లెక్క ఇలా చూసుకోండి.

మిల్లీలీటరు లెక్కలో ఉన్నదానిని 100తో హెచ్చిస్తే డెసీలీటరు లెక్క వస్తుంది: 3.80 అంటే 380.

లీటరుకు నానోమోల్ లెక్కలో ఉన్నదానిని 28.8తో హెచ్చించాలి: 13.2 అంటే సుమారు 380.

ఇక హద్దులు, అన్నీ డెసీలీటరుకు నానోగ్రాములలో. ఊబకాయం లేని 19 నుంచి 39 ఏళ్లవారికి పలు ల్యాబుల ఫలితాలను సరిపోల్చి తయారుచేసిన మామూలు పరిధి 264 నుంచి 916. అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘం 300 కంటే తక్కువను లోపంగా చూస్తుంది. ఐరోపా నిపుణులు 12 నానోమోల్‌ను, అంటే దాదాపు 346ను, గీతగా తీసుకుంటారు. ఈ తేడాలను చూసి గందరగోళపడవద్దు. 230 కంటే తక్కువ పదే పదే వస్తే లోపం ఉన్నట్టే భావించి కారణం వెతుకుతారు. 230 నుంచి 350 మధ్య ఉంటే లక్షణాలను, ఎస్‌హెచ్‌బీజీని కలిపి చూడాలి. 350 దాటితే ఎక్కువమంది విషయంలో మీ బాధకు కారణం వేరే చోట ఉంది. నివేదికలో ముద్రించిన పరిధి మగవారిదేనా అని కూడా ఒకసారి చూసుకోండి.

ఇరవై ఏళ్లవాడికి ఉండే అంకె యాభై ఏళ్లకు ఉండాలని కోరుకోవద్దు. నడివయసు నుంచి ఏడాదికి దాదాపు 1 శాతం తగ్గడం శరీర స్వభావం.

6. రెండో పరీక్ష

మొదటిసారి తక్కువ వచ్చినవారిలో రమారమి 30 శాతం మందికి రెండోసారి మామూలుగా వస్తుంది. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే చాలు, తొందరపడి ఇంజెక్షనుకు ఎందుకు వెళ్లకూడదో అర్థమవుతుంది.

కొన్ని వారాల వ్యవధి ఇచ్చి, అదే ల్యాబులో, అదే వేళకు, పరగడుపున మళ్లీ ఇవ్వాలి. రెండోసారి కూడా తక్కువగా వస్తే డాక్టరు కారణం వెతకడానికి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (ఇదీ పిట్యూటరీ నుంచి వృషణాలకు వెళ్లే హార్మోనే) రాస్తారు. రెండో నమూనాతోనే వీటిని కలిపి చేయిస్తే ఇంకో ప్రయాణం తప్పుతుంది.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటే లోపం వృషణాలలో ఉంది: మెదడు గట్టిగా అడుగుతున్నా అవి ఇవ్వలేకపోతున్నాయి. గవదబిళ్లలు యుక్తవయసులో వచ్చి వృషణాలు వాచడం, దెబ్బలు, కీమోథెరపీ, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ స్థితి ఇందుకు కారణాలు కావచ్చు.

ఎల్‌హెచ్ తక్కువగానో, మామూలుగానో ఉండి టెస్టోస్టిరాన్ తక్కువైతే ఆదేశం పైనుంచే సరిగా రావడం లేదని అర్థం. ఊబకాయం, మధుమేహం, స్టెరాయిడ్లు, నొప్పి మందులు దీనికి తరచుగా కనిపించే కారణాలు. అప్పుడు ప్రొలాక్టిన్ (పాలు రప్పించే హార్మోను), ఇనుము పరీక్షలు కూడా అవసరమవుతాయి. దీనితో పాటు తలనొప్పి, పక్క చూపు తగ్గడం, రొమ్ము నుంచి పాలు రావడం ఉంటే పిట్యూటరీలో గడ్డ ఉందేమో చూడాలి. ఈ స్థితిలో ఆలస్యం చేయకూడదు.

మన ప్రాంతంలో సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ వ్యాధి ఉన్నవారు, తలసీమియాతో పదే పదే రక్తం ఎక్కించుకున్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి: ఎక్కించిన రక్తంలోని ఇనుము పిట్యూటరీలో పేరుకుని హార్మోను తగ్గవచ్చు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షను రక్తాన్ని చిక్కబరుస్తుంది కాబట్టి వీరికి చికిత్స నిర్ణయం చాలా జాగ్రత్తగా జరగాలి.

బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, కోరాపుట్ వైపువారు షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ ముందు మెడిసిన్ విభాగంలో చూపించుకోవచ్చు. విశాఖపట్నం కేజీహెచ్‌లో హార్మోన్ల వైద్యానికి ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

7. లోపం తేలినా, మందుకు ముందు మార్చగలిగినవి

బరువు ఎక్కువగా ఉన్నవారిలో బరువు తగ్గితే టెస్టోస్టిరాన్ దానంతట అదే పెరుగుతుంది. తగ్గిన బరువును బట్టి పెరుగుదల ఉంటుంది. పూట పూటకూ పళ్లెం నిండా అన్నం తినేవారు ఒక పూట చోడి అంబలి, పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా చేపలకు మారి, రోజూ ముప్పావుగంట నడిచి, వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే పని చేసి మూడు నుంచి ఆరు నెలల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. షుగరును అదుపులో పెట్టాలి. మద్యం మానాలి లేదా బాగా తగ్గించాలి. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

అంగస్తంభన లోపం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అంగానికి రక్తం తీసుకువెళ్లే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్ననిది. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. కొవ్వు పేరుకుంటే సన్నది ముందు మూసుకుంటుంది. అందువల్ల ఈ లోపం గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందే వచ్చే హెచ్చరిక కావచ్చు. గుడాకు, చుట్ట, గుట్కా వాడేవారు, బీపీ, షుగరు ఉన్నవారు టెస్టోస్టిరాన్ ఎంతున్నా గుండె పరీక్ష చేయించుకోవాలి. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేటు మాత్రలు వాడేవారు స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ మాత్రను ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

8. ఇంజెక్షను వేయించుకోవలసి వస్తే

టెస్టోస్టిరాన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు.

అన్నిటికంటే ముందు డాక్టరుకు చెప్పవలసినది: మీకు ఇంకా పిల్లలు కావాలా? బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. వృషణాలలో శుక్రకణాల తయారీ నిలిచిపోతుంది. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి దీనిని మగవారి గర్భనిరోధకంగా కూడా పరీక్షించారు. పెళ్లయిన మూడేళ్లకు పిల్లలు కలగలేదని వీర్యపరీక్షకు వచ్చిన ఒకరి నివేదికలో శుక్రకణాల వరుసకు ఎదురుగా ‘నిల్’ అని వచ్చింది. భార్యకు అప్పటికి ఎన్నో పరీక్షలు, రెండు ఊళ్లలో వైద్యం అయ్యాయి. ఇతను జిమ్‌లో ఏడాదిన్నరగా ఇంజెక్షను తీసుకుంటున్న సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆపిన తరువాత శుక్రకణాలు తిరిగి రావడానికి చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి రెండేళ్లు పడుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి హెచ్‌సీజీ వంటి వేరే మందులు ఉన్నాయి, వాటిని నిపుణులే నిర్ణయిస్తారు.

కింది వాటిలో ఏది ఉన్నా ఇంజెక్షను మొదలుపెట్టకూడదు, లేదా నిపుణుడి అనుమతి లేకుండా ముందుకు వెళ్లకూడదు.

☐ ప్రొస్టేటు లేదా రొమ్ము క్యాన్సరు. పీఎస్‌ఏ (ప్రొస్టేటుకు చేసే రక్తపరీక్ష) 4 కంటే ఎక్కువ.
☐ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 50 శాతం దాటి ఉండడం.
☐ గడిచిన ఆరు నెలల్లో గుండెపోటు లేదా పక్షవాతం. అదుపులో లేని గుండె వైఫల్యం.
☐ రక్తం గడ్డకట్టే స్వభావం.
☐ చికిత్స తీసుకోని తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య.

మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలలలోపు టెస్టోస్టిరాన్, హెమటోక్రిట్ చూడాలి, ఆ తరువాత ఏటా. హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపి డాక్టరును కలవాలి. పీఎస్‌ఏ ఏడాదిలోపు 1.4 కంటే ఎక్కువ పెరిగితే మూత్రవ్యాధి నిపుణుడి దగ్గరికి వెళ్లాలి.

ఈ పరీక్షల తేదీ కూడా లెక్క ప్రకారమే ఉండాలి. ఎనంతేట్, సిపియోనేట్ రకం ఇంజెక్షనైతే రెండు ఇంజెక్షన్ల నడిమి రోజున రక్తం ఇవ్వాలి. నెలల తరబడి పనిచేసే అండెకనోయేట్ రకమైతే తరువాతి ఇంజెక్షనుకు కాస్త ముందు ఇవ్వాలి. ఇంజెక్షను వేయించుకున్న మర్నాడే వచ్చి, ఆకాశాన్నంటిన అంకె చూసి సంతోషించేవారు ఉన్నారు. ఆ అంకెతో డాక్టరుకు ఉపయోగం లేదు. జెల్ వాడేవారు అది ఆరాక ఆ చోటును బట్టతో కప్పాలి; సబ్బుతో కడుక్కునేవరకు భార్యను, పిల్లలను ఆ చర్మం తాకనివ్వకూడదు.

ఎంత మేలు ఆశించాలి? 65 ఏళ్లు దాటి హార్మోను తక్కువగా ఉన్న 790 మందిపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో లైంగిక కోరిక కొంత మెరుగుపడింది. ఒంట్లో సత్తువ మాత్రం చెప్పుకోదగినంతగా పెరగలేదు. గుండెజబ్బు లేదా దాని ముప్పు ఉన్న సుమారు 5,200 మందిపై జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు గానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, కిడ్నీ దెబ్బ కొంచెం ఎక్కువగా కనిపించాయి. నిజమైన లోపం ఉన్నవారికి ఇది మంచి మందే. లోపం లేనివారికి నష్టం తప్ప మిగిలేది లేదు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

సాయంత్రం ఇచ్చిన రక్తంలో తక్కువ వచ్చింది: ఆ నివేదికను పక్కనపెట్టి ఉదయం పరగడుపున మళ్లీ ఇవ్వండి.

ఇప్పటికే ఒకటి రెండు ఇంజెక్షన్లు పడ్డాయి, ముందు పరీక్ష లేదు: మందు పేరు, మోతాదు, తేదీలు డాక్టరుకు చెప్పండి. అసలు స్థితి తెలియాలంటే మందు ప్రభావం పోయేవరకు కొన్ని వారాలు, కొన్ని రకాలకు నెలలు ఆగవలసి ఉంటుంది.

చాలాకాలం జిమ్ ఇంజెక్షన్లు తీసుకుని ఒక్కసారిగా ఆపారు, కోరిక చచ్చి, మనసు కుంగింది: శరీరం సొంతంగా తయారుచేసుకోవడం ఇంకా మొదలుకాలేదు. సిగ్గుపడి మళ్లీ ఇంజెక్షనుకు వెళ్లకుండా ఎండోక్రైనాలజిస్టును కలవండి.

హెమటోక్రిట్ ఎక్కువ వచ్చింది, రక్తదానం చేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు: మోతాదు మార్చవలసినది డాక్టరు. దానం ఆ సమస్యకు వైద్యం కాదు.

10. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే కాగితం

ఒడియా మాట్లాడే డాక్టరు ముందు, పక్కన పదిమంది నిలబడి ఉండగా, ఇంటి విషయం నోటితో చెప్పడానికి మనవారు జంకుతారు. ‘నీరసం’ అని ఒక్క మాట చెప్పి బలం మాత్రలు రాయించుకుని వచ్చేస్తారు. అందుకే ఒక కాగితం రాసుకువెళ్లి చేతికివ్వండి. మీకు ఒడియా లేదా ఇంగ్లీషు రాయడం రాకపోతే చదువుకున్న, నోరు జారని ఒక్కరి చేత రాయించుకోండి.

☐ లక్షణం ఏమిటి, ఎన్ని నెలల నుంచి. ఉదయపు స్తంభన ఉందా లేదా.
☐ పిల్లలెందరు, ఇంకా కావాలా.
☐ షుగరు, బీపీ, థైరాయిడ్, సికిల్ సెల్, గవదబిళ్లలు, వృషణాలకు దెబ్బ తగిలిన సంగతి.
☐ వేసుకుంటున్న మందులు, పొట్లాలు, జిమ్ ఇంజెక్షన్లు, మద్యం, గుడాకు.
☐ నిద్ర గంటలు, డ్యూటీ వేళలు, గురక.
☐ రెండు పరీక్షల అంకెలు, కొలమానం, రక్తం తీసిన వేళ, ల్యాబు పేరు.

అసలు నివేదికలు ఇంట్లో ఉంచి జిరాక్సులు తీసుకువెళ్లండి. వేడికి అచ్చయ్యే పలచని రసీదు కాగితం ఏడాదిలో తెల్లబడిపోతుంది. దానిమీద ఉన్న వేళను నివేదిక వెనుక పెన్నుతో రాసి పెట్టుకోండి.